సన్నబడే బిళ్లలు

ఫిల్టరులో డికాక్షన్ దిగుతుండగా ఫోను మోగింది. తెనాలిలో ఆ వేళకి సూర్యకుమారి ఇంటికి ఫోను చేసేవాళ్లెవరూ లేరు, బాపట్లలో ఉన్న అల్లుడు రవిశంకర్ తప్ప. ఎత్తింది ఆవిడ భర్త, రిటైరైన తెలుగు మాస్టారు గౌరీశంకరం. "మళ్లీ వచ్చిందా?" అని ఆయన అడగడం వంటింట్లోకి వినపడింది.

కూతురు రాగసుధకి జ్వరం మొదలై అప్పటికి పంతొమ్మిది రోజులు. ముందు మలేరియా అన్నారు, తర్వాత టైఫాయిడ్ అన్నారు. మందు వేసినన్నాళ్లు తగ్గుతుంది, ఆపగానే తిరగబెడుతుంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టడం లేదట. అంతుపట్టిన మనిషి ఒకతి వంటింట్లో పాలగిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

సంగతి ఏడేళ్ల కిందటిది. రాగసుధ బొద్దుగా ఉండేది. ఉంటే ఏం, చక్కని పిల్ల! కానీ మూడు సంబంధాలవాళ్లు ఫోటో చూసి తిప్పి పంపేసరికి తల్లికి నిద్ర పట్టడం మానేసింది. మద్రాసు నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ సన్నబడే బిళ్లలని చెప్పి ఒక సీసా ఇచ్చింది. అయిపోయినప్పుడల్లా మళ్లీ తెప్పించి, ఎనిమిది నెలలు దగ్గరుండి మింగించింది సూర్యకుమారి. పిల్ల నాజూకైంది. బాపట్ల సంబంధం కుదిరింది. అంతలో మెట్లెక్కితే ఆయాసం మొదలైంది.

గుంటూరు తీసుకెళితే గుండె డాక్టరు పరీక్షలు చేసి, తల్లిని విడిగా పిలిచాడు. ఆ బిళ్లలు వెంటనే మాన్పించమన్నాడు. వాటివల్లే గుండెలో ఒక వాల్వు కాస్త లీకవుతోందని, జాగ్రత్తగా ఉంటే మామూలుగా బతకొచ్చని అన్నాడు. ఎప్పుడైనా పన్ను పీకించాల్సి వస్తే మాత్రం ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలని, లేకపోతే నోట్లో క్రిములు రక్తంలో కలిసి వాల్వుని పట్టుకోవచ్చని మరీమరీ చెప్పాడు. సూర్యకుమారి బయటికొచ్చి, నీరసమేనటే అంది కూతురితో. మొగుడికీ అదే చెప్పింది. పెళ్లి ఇరవై రోజుల్లో ఉంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు, తనాడింది ఒక్కటేగా అని సరిపెట్టుకుంది. పెళ్లయ్యాక చెబుదామనుకుంది, పురుడయ్యాక చెబుదామనుకుంది. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేసింది.

మొన్న శ్రావణమాసం పేరంటానికి అత్తగారు వైదేహితో కలిసి తెనాలి వచ్చిన రాగసుధకి పన్ను పోటు పట్టుకుంది. ఆడవాళ్లు ముగ్గురూ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారు. పీకాలన్నాడాయన.

"గుండె జబ్బులాంటివి ఏమన్నా ఉన్నాయామ్మా?"

అడిగింది రాగసుధని. మన ఇళ్లల్లో పిల్లకి ముప్ఫై ఏళ్లొచ్చినా డాక్టరుకి జవాబు తల్లే చెబుతుంది. పక్క కుర్చీలో వియ్యపురాలు కూర్చుని వింటోంది.

"అబ్బే, అలాంటివేం లేవండి" అంది సూర్యకుమారి.

అప్పట్నుంచి ఆ ప్రశ్న ఆవిణ్ని వదల్లేదు. పళ్లు తోముకుంటుంటే వినిపించేది, దీపం వెలిగిస్తుంటే వినిపించేది. కళ్లు మూస్తే కుర్చీలో వెనక్కి వాలిన కూతురూ, తెరిచిన ఆ నోరూ. జ్వరం మొదలయ్యాక, ఇది టైఫాయిడే కావాలి స్వామీ అని మొక్కుకుంది. కూతురికి టైఫాయిడ్ రావాలని మొక్కుకున్న తల్లి లోకంలో ఇంకొకతి ఉంటుందా!

మాస్టారు ఫోను పెట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "బాగా చిక్కిపోయిందిటే. గాజులు జారిపోతున్నాయిట."

ఆ గాజులు వదులవ్వాలనే కదా ఒకప్పుడు తను అంత ఆరాటపడింది. పాలగిన్నె కింద పెట్టేసి, బండికి వేళయింది, పదండి అంది.

బాపట్ల ఆస్పత్రిలో రాగసుధ మంచం దగ్గర రవిశంకరూ, వైదేహీ ఉన్నారు. డాక్టరు కాగితాలు తిరగేస్తున్నాడు. ఆయన్ని పక్కకి పిలిచి చెప్పొచ్చు. ఆ ఆలోచన సూర్యకుమారికి రాకపోలేదు. ఏడేళ్ల కిందట పక్కకి పిలిచి చెప్పిన మాటేగా ఇంతకి తెచ్చింది.

"దీనికి గుండెలో వాల్వు లీకవుతుందండి. పెళ్లికి ముందే తెలుసు. నెల కిందట మందు వెయ్యకుండా పన్ను పీకించాం. నేనే దాచానండి."

డాక్టరు వెంటనే రక్తం తీయించాడు. ఆ సాయంత్రమే గుంటూరు పంపించారు. క్రిములు వాల్వు మీదే కూర్చున్నాయని తేలింది. ఆరు వారాలు నరానికి ఇంజెక్షన్లు. అప్పటికీ లొంగకపోతే ఆపరేషన్. రాగసుధ రెండో పిల్లకి నాలుగేళ్లయినా నిండలేదు.

"నా గుండె సంగతి నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది రాగసుధ.

"సంబంధం తప్పిపోతుందని."

రాగసుధ గోడవైపు తిరిగింది. జవాబు వైదేహి చెప్పింది. "తప్పిపోయేదే వదినగారూ. చెప్పుంటే మేం వద్దనే అనేవాళ్లం. మీరు చేసింది తప్పే. కానీ మీకా భయం పెట్టింది మాలాంటివాళ్లమే."

తిట్టినా బాగుండేది. సూర్యకుమారి వరండాలోకి వచ్చి కూర్చుంది. మాస్టారు వచ్చి పక్కనే నిలబడ్డాడు.

పదిరోజులు రాగసుధ తల్లితో పలకలేదు. అయినా ఆవిడ మంచం వదల్లేదు. జావ పట్టింది, చెమట తుడిచింది. పదకొండో రోజు నర్సు సూది మార్చడానికి నరం దొరక్క వెతుకుతుంటే రాగసుధ కళ్లు తెరిచింది.

"భయమేస్తోందమ్మా."

భయమెందుకే, తగ్గిపోతుంది అనబోయింది సూర్యకుమారి. మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"నాకూ వేస్తోందే" అంది.

రాగసుధ తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత మెల్లిగా పక్కకి జరిగి, మంచం మీద చోటిచ్చింది.