పన్నెండో నంబరు జెర్సీ

మంగళవారం. సాయంత్రం 7:20.

మలేసియాలోని కోత బారు పట్నంలో నిక్ అజహాన్ జెర్సీల దుకాణం. దాని వెనక సందులో సరుకు దాచుకునే స్టీలు కంటైనర్. అజహాన్ దాని తలుపు తెరిచాడు. వెంటనే కేక పెట్టాడు.

జెర్సీల మూటల మధ్య, తలుపుకి రెండడుగుల దూరంలో, రుస్ది బోర్లా పడి ఉన్నాడు. ప్రాణం లేదు.

రుస్దికి నలభై ఆరేళ్లు. ఊళ్లో ఫుట్‌బాల్ చూసే ప్రతివాడికీ తెలిసిన మనిషి. ఆగ్నేయాసియా జట్ల టోర్నమెంటు వచ్చినప్పుడల్లా అభిమానుల కోసం ఒక గైడు వేస్తాడు. రోజూ అజహాన్ దుకాణంలోనే కూర్చుని రాసుకుంటాడు. ఏ జట్టు ఎప్పుడు ఆడుతుంది, ఏ స్టేడియానికి ఏ బస్సెక్కాలి, ఎవరి జెర్సీ ఏ రంగు, అందులో అసలుదేది, నకిలీదేది, అన్నీ ఉంటాయి. ఈసారి గైడు ఆ సాయంత్రం ఆరింటికి ప్రెస్సుకి చేరాలి. చేరలేదు.

ఇన్‌స్పెక్టర్ జవియా 7:50కి వచ్చింది. ఫుట్‌బాల్ గురించి ఆమెకి తెలిసింది ఒక్కటే. ఆ రోజుల్లో ట్రాఫిక్ జామ్ అవుతుందని.

కంటైనర్లోకి అడుగు పెట్టింది. సూర్యుడు దిగిపోయినా లోపల ఊపిరాడడం లేదు. కిటికీ లేదు. చిల్లు లేదు. తలుపుకి లోపలివైపు పిడి కూడా లేదు. ఇనుప తలుపు మీద చేతుల గుర్తులు, గుద్దిన గుర్తులు. వాటి వైపు ఎక్కువసేపు చూడలేకపోయింది.

నోట్‌బుక్ తీసింది. రాసుకుంది.

ఒంటి మీద పసుపు జెర్సీ. వీపు మీద పన్నెండో నంబరు, లోపలివైపు. జెర్సీ తిరగేసి ఉంది, కుట్లు పైకి కనిపిస్తున్నాయి.

కాళ్లకి కొత్త నీలం రబ్బరు చెప్పులు. ఎడమదాని మడమ దగ్గర కాల్చిన చిన్న చిల్లు.

జేబులో చిన్న కత్తెర, కత్తిరించిన నాలుగు గుడ్డ లేబుళ్లు.

ఫోను లేదు. అది దుకాణం కౌంటర్ మీద ఛార్జింగ్‌లో ఉంది.

"జెర్సీ తిరగేసి ఉందేంటి డాక్టర్?" శవాన్ని పరీక్షిస్తున్న పోలీసు డాక్టరుని అడిగింది.

"వడదెబ్బ మేడమ్. ఇంత వేడిలో మనిషికి మతి తప్పుతుంది. బట్టలు పీకేసుకుంటారు. మళ్లీ ఎలా పడితే అలా తొడుక్కుంటారు."

"ఎంతసేపు లోపల ఉండి ఉంటాడు?"

"గంటన్నర చాలు. మూడు గంటలైనా కావచ్చు. చెప్పలేం."

అజహాన్ దుకాణం మెట్ల మీద కూలబడి ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి.

"మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"మూడింటికి మేడమ్. స్టాకు చూస్తానని వెనక్కి వెళ్లాడు. తర్వాత చూళ్లేదు."

"తాళం ఎవరు వేశారు?"

"సుహైలా. మా దగ్గర జెర్సీల మీద పేర్లు అచ్చేసే అమ్మాయి. ఇంటికెళ్లే ముందు రోజూ తనే వేస్తుంది. ఇవాళ మూడున్నరకే వెళ్లిపోయింది."

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి తన దగ్గర, ఒకటి నా దగ్గర. నేను ఏడూ ఇరవై దాకా తీయనేలేదు. ఒట్టు."

"లోపల తలుపు గుద్దితే మీకు వినపడలేదా?"

"అయిదింటి నుంచి అభిమానులు వచ్చారు మేడమ్. స్పీకర్లలో పాటలు. డప్పులు. నా మాటే నాకు వినపడలేదు."

ఆ తాళం నొక్కితే పడిపోయే రకం. వేయడానికి చెవి అక్కర్లేదు. తీయడానికే కావాలి.

సంగతి తెలిసి రాత్రి తొమ్మిదింటికి సుహైలా తనంతట తనే స్టేషన్‌కి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. వేళ్ల నిండా ఇస్త్రీ మిషన్ కాలిన మచ్చలు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నేనే చంపాను మేడమ్."

"కూర్చో. ఏం జరిగింది?"

"అమ్మకి ఒంట్లో బాలేదు. మా ఊరు పాసిర్ మాస్ వెళ్లాలి. నాలుగింటి బస్సు. హడావుడిగా తాళం నొక్కేసి పరిగెత్తాను."

"లోపల ఎవరైనా ఉన్నారేమో చూశావా?"

"పిలిచాను. 'రుస్దన్నా, ఉన్నావా?' అని. పలకలేదు."

"తొంగి చూశావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మూడింటికి ఆయన వెనక్కి వెళ్లడం చూశాను మేడమ్. చూసి కూడా మర్చిపోయాను. మూటల వెనక నిద్రపోయి ఉంటాడు. నేను బస్సులో కిటికీ పక్కన గాలికి కూర్చున్నాను. ఆయన ఇక్కడ..."

బస్సు టికెట్ బల్ల మీద పెట్టింది. కంటైనర్ తాళంచెవి దాని పక్కన పెట్టింది. లాకప్ ఎటో అడిగి తనే నడిచి వెళ్లింది.

డి.ఎస్.పి. గారికి ఫోన్‌లోనే సంగతి తేలిపోయింది.

"ఒప్పుకుంది కదమ్మా! నిర్లక్ష్యం వల్ల మరణం. రేపు సాయంత్రం ఆరింటికి నేను సంతకం పెట్టేస్తా. ఎల్లుండి టోర్నమెంటు మొదలు, బందోబస్తుకి మనుషులు చాలట్లేదు. దీన్ని సాగదీయకు."

"సరే సార్."

సరే అని అయితే అంది గానీ, ఆమెకి నిద్ర పట్టలేదు.

బుధవారం. సాయంత్రం 4:15.

జవియా బల్ల మీద రుస్ది వేసిన పాత గైడు ఉంది. పొద్దున్నించీ చదువుతోంది. కానిస్టేబుల్ రెమ్లీ టీ తెచ్చి పక్కన పెట్టాడు. అతను ఫుట్‌బాల్ పిచ్చోడు. మేడమ్ చేతిలో గైడు చూసి వాడి మొహం వెలిగిపోయింది.

"అర్థమవుతోందా మేడమ్? ఆఫ్‌సైడ్ చెప్పమంటారా?"

"చెప్పావంటే బదిలీ చేయిస్తా. పేజీ పంతొమ్మిది చూడు. 'అసలు జెర్సీ లోపలి లేబుల్ మీద ఒక్కో సైజుకి ఒక్కో నంబరు ఉంటుంది. నకిలీ వేసేవాడికి అంత ఓపిక ఉండదు. అన్ని సైజులకీ ఒకటే నంబరు కొట్టేస్తాడు.'"

సాక్ష్యాల కవరు ముందుకి తోసింది. రుస్ది జేబులోని నాలుగు లేబుళ్లు. చిన్నది, మధ్యది, పెద్దది, ఇంకా పెద్దది. నాలుగింటి మీదా ఒకటే నంబరు.

రెమ్లీ కళ్లు పెద్దవయ్యాయి. "అజహాన్ అన్న దుకాణంలో నకిలీయా? నేను మూడు కొన్నాను మేడమ్!"

"నీ బాధ తర్వాత. అజహాన్‌కి దాచుకోవాల్సింది ఒకటి ఉంది. కానీ తాళం వేసింది సుహైలా. తనే చెబుతోంది. అక్కడే ఆగిపోయాను."

పేజీ తిప్పింది. 'జెర్సీ మర్యాదలు' అని పైన రాసి ఉంది. ఉసూరుమంటూ పైకే చదివింది.

"'అవతలి జట్టు గ్యాలరీలో మన జెర్సీతో కూర్చోకండి. పళ్లు రాలితే గైడుకి బాధ్యత లేదు. నంబరు మీద ఇస్త్రీపెట్టె పెట్టకండి. నమాజుకి వెళ్తే జెర్సీ తిరగేసి తొడుక్కోండి. లేకపోతే మీ వీపు మీద పేరు చదువుకుంటూ వెనకవాడు దేవుణ్ణి మర్చిపోతాడు. బయటికొచ్చాక సరిచేసుకోండి. నేను రోజూ మర్చిపోతాను.'"

నమాజు వాక్యం మీద వేలు పెట్టి ఆగింది.

"రెమ్లీ. నువ్వూ తిప్పుకుంటావా?"

"మగాళ్లందరం అంతే మేడమ్. ఆడవాళ్లు వేరే నిలబడతారు కాబట్టి మీకు తెలియదు."

"మరి నిన్న శవాన్ని చూసి నోరెందుకు మెదపలేదు?"

"డాక్టరుగారు వేడి వల్ల అన్నారు కదా. పెద్ద చదువు చదివినాయన." చెవి గోక్కున్నాడు.

జవియా ఫోను తీసింది. రుస్ది నిన్న 2:50కి అభిమానుల కోసం వీడియో పెట్టాడు. ఒంటి మీద అదే పసుపు జెర్సీ. గుండె మీద జట్టు గుర్తు స్పష్టంగా కనిపిస్తోంది. సరిగానే తొడుక్కున్నాడు.

"మధ్యాహ్నం నమాజు అప్పటికే అయిపోయింది. ఆ తర్వాతది అసర్ నమాజు. నిన్న ఎన్నింటికి?"

"నాలుగూ నలభైకి మేడమ్."

"సుహైలా తాళం వేసింది మూడున్నరకి."

రెమ్లీ వేళ్ల మీద లెక్కపెట్టాడు. పాపం, వాడు నిజాయితీపరుడు. "లోపల చిక్కుకున్నాక అక్కడే నమాజు చేసుకుని ఉండొచ్చు కదా మేడమ్? ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా చేస్తారు. నమాజుకి ముందు కడుక్కోవడానికి నీళ్లు లేకపోతే దుమ్ముతో చేతులు తుడుచుకున్నా చాలు."

ఆ మాటతో జవియాకి ఉన్న ఒక్క దారీ మూసుకుపోయినట్టయింది. గడియారం చూసింది. లేచి టోపీ పెట్టుకుంది.

"పద. అసర్ వేళకి మసీదు దగ్గరుందాం."

4:55.

సందు చివర చిన్న మసీదు. నమాజు అయింది. జనం చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. మెట్ల మీద ఒక జత మిగిలింది. పసుపు రంగు, పట్టీల మీద పులి బొమ్మ. పాతవి.

వాటి పక్కనే ఒక ముసలాయన నిలబడి శాపనార్థాలు పెడుతున్నాడు. కాళ్లకి మసీదు బాత్రూం చెప్పులు.

"ఏమైంది తాతా?"

"వచ్చావా అమ్మాయ్! పోలీసులు ఉన్నారో లేదో అనుకున్నా. నా చెప్పులు ఎత్తుకుపోయారు. సరికొత్తవి!"

"ఎప్పుడు?"

"నిన్న, అసర్‌కి. ఎవడో వేసుకుపోయి, ఈ పులి బొమ్మలు నా మొహాన కొట్టాడు. ఈ వయసులో నేను పులి బొమ్మలు వేసుకోవాలా? ఇవాళైనా తెచ్చి పెడతాడేమోనని చూస్తున్నా."

"మీవి ఏ రంగు?"

"నీలం. ఎడమ మడమ దగ్గర చిల్లు పెట్టుకున్నా. టీ కొట్టు పొయ్యిలో తీగ కాల్చి నేనే పెట్టా. గుర్తుండాలిగా!"

జవియా నోట్‌బుక్ తీసింది. "ఎప్పుడు పెట్టారు?"

"కొన్న వెంటనే."

"ఎప్పుడు కొన్నారు తాతా? సరిగ్గా చెప్పండి."

"నిన్న నాలుగింటికి. పెద్ద బజార్లో. కావాలంటే ఆ కొట్టావిడ మెక్‌నాని అడుగు, బేరానికి అరగంట చంపుకు తిన్నా దాన్ని." ఆయన అనుమానంగా చూశాడు. "దొంగ దొరికాడా ఏంటి?"

"దొరికాడు తాతా. ఆయన మీద కేసు పెట్టకండి."

రెమ్లీని బజారుకి పరిగెత్తించింది. పన్నెండు నిమిషాల్లో ఫోనొచ్చింది. కొట్టావిడ గుర్తుపట్టింది. నాలుగింటికే. అలాంటి బేరగాణ్ణి ఆవిడ జన్మలో మర్చిపోదట.

5:25.

కంటైనర్ లోపల నలుగురు నిలబడ్డారు. జవియా, రెమ్లీ, చెప్పుల తాత సెమన్, నిక్ అజహాన్.

"తలుపు దగ్గరికి లాగు రెమ్లీ. పూర్తిగా వద్దు."

వెలుతురు ఒక గీత అయింది. క్షణాల్లో అందరికీ చెమటలు పట్టాయి. అజహాన్ జేబురుమాలు తీశాడు.

"ఇక్కడే మాట్లాడాలా మేడమ్? లోపల ఏసీ ఉంది."

"ఎంతోసేపు పట్టదు. రుస్ది మూడింటికి ఇందులోకి వచ్చాడన్నారు. తర్వాత బయటికి రాలేదు. అంతేనా?"

"అంతే."

"వెనక సందులోంచి బయటికి వెళ్లాడేమో?"

"లేదు. ఇందులోకి రావడం నా కళ్లతో చూశాను."

"మరి శవం కాళ్లకి సెమన్ తాత చెప్పులెలా వచ్చాయి?"

అజహాన్ ముసలాయన వైపు చూశాడు. బాత్రూం చెప్పుల వైపు చూశాడు.

"చెప్పులేంటి?"

"నిన్న నాలుగింటికి కొన్నవి. నాలుగూ నలభైకి మసీదు మెట్ల మీద విడిచినవి. రుస్ది నమాజు చేసి, ప్రెస్సు హడావుడిలో తన పులి బొమ్మల చెప్పులు వదిలేసి వీటిని తొడుక్కొచ్చాడు. జెర్సీ కూడా తిరగేసినదాన్ని తిరగేసినట్టే ఉంచేశాడు. మూడున్నరకి సుహైలా ఖాళీ కంటైనర్‌కి తాళం వేసింది, అజహాన్‌గారూ. అయిదు ఆ ప్రాంతంలో దాన్ని ఎవరో తెరిచారు. తాళంచెవులు రెండు. ఒకటి అప్పటికి పాసిర్ మాస్ బస్సులో వెళ్తోంది. రెండోది?"

సాక్ష్యాల కవరు తీసి చూపించింది.

"ఈ లేబుళ్లు ఆయన జేబులో దొరికాయి. నాలుగింటికీ ఒకటే నంబరు."

"తలుపు తీయండి మేడమ్." అజహాన్ కాలర్ లాక్కుంటున్నాడు. "ఊపిరాడట్లేదు."

"మనం వచ్చి నాలుగు నిమిషాలైంది. ఆయన ఎంతసేపున్నాడు?"

"తీయండి మేడమ్, దణ్ణం పెడతా!"

రెమ్లీ ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. తలుపు బార్లా తెరుచుకుంది. అజహాన్ గడప మీద కూలబడి గాలి పీల్చాడు. ఈసారి ఏడుపు నిజంగానే వచ్చింది.

"మూడింటికి సందులోంచి బయటికి వెళ్లిపోయాడు. నమాజు అయ్యాక వచ్చి, మా దుకాణం మంచిదని గైడులో రాసేముందు ఒక్కసారి సరుకు చూస్తానన్నాడు. వద్దంటే అనుమానం వస్తుందని తీశాను. కత్తెరతో లేబుళ్లు కోయడం మొదలుపెట్టాడు. 'నీ పేరు పంతొమ్మిదో పేజీలో వేస్తానురా' అన్నాడు. కాళ్లు పట్టుకున్నా వినలేదు."

"అందుకని తలుపేశారు."

"ఆరు దాటేదాకానే మేడమ్. ప్రెస్సు టైం దాటితే ఈ ఏడాదికి గైడు ఉండదు. ఆరున్నరకి తీసి బతిమాలుకుందామనుకున్నా. చంపాలని కాదు. జనం ఎక్కువయ్యారు..."

"గుద్దడం వినపడింది కదూ?"

అజహాన్ జేబురుమాలుతో మొహం కప్పుకున్నాడు.

"పాటలు ఇంకాస్త పెద్దగా పెట్టాను."

సెమన్ తాత ముఖం తిప్పుకుని సందులోకి వెళ్లి నిలబడ్డాడు. చెప్పుల మాట మళ్లీ ఎత్తలేదు.

5:52కి జవియా డి.ఎస్.పి. గారికి ఫోన్ చేసింది. "సంతకం పెట్టకండి సార్."

6:20. లాకప్.

సుహైలా నిన్న కూర్చున్న మూలే కూర్చుని ఉంది. పెట్టిన అన్నం ముట్టలేదు. జవియా తలుపు తీయించి, లోపలికి వెళ్లి నేల మీదే ఆమె పక్కన కూర్చుంది.

"నువ్వు తాళం వేసినప్పుడు లోపల ఎవరూ లేరు సుహైలా."

ఆమె నమ్మలేదు. జవియా మొదటి నుంచి చెప్పింది. నమాజు సంగతి, చెప్పుల సంగతి, అజహాన్ సంగతి. సుహైలా కదలకుండా విన్నది. చివరికి అడిగింది.

"జెర్సీ తిరగేసే ఉందా?"

"ఉంది."

"మళ్లీ మర్చిపోయాడా!" నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఏడుపైపోయింది. "రోజూ ఇంతే మేడమ్. అసర్ నుంచి అలాగే వచ్చేస్తాడు. గుమ్మంలోనే ఆపి 'అన్నా, జెర్సీ' అంటాను. నాలుక్కరుచుకుని వెళ్లి తిప్పుకుంటాడు. ఆరేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు."

జవియా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నిన్న నేను ఉంటే తిప్పించేసేదాన్ని మేడమ్" అంది సుహైలా.

తలుపు తెరిచే ఉంది. ఆమె వెంటనే లేవలేకపోయింది.