కెప్టెన్ పోయిన ఆదివారం

ఆ సోమవారం పొద్దున ఇల్లంతా బిక్కుబిక్కుమంటూ ఉందంటే, కారణం ఆ ఇంట్లో ఎవరికో ఏదో అయిందని కాదు. ముందురోజు సాయంత్రం టీవీలో ‘ఏడో వాకిలి’ సీరియల్ కెప్టెన్ చనిపోయాడు. ముప్పై ఏళ్ళకు పైగా నక్షత్రాల మధ్య ఓడ నడిపిన ముసలాయన, ఇంకొక్క భాగంతో కథ ముగిసిపోతుందనగా, చుక్కాని దగ్గర ఒంటరిగా ప్రాణం వదిలాడు. సిబ్బంది అంతా కింద ఇంజను గదిలో మంటలార్పుతున్నారు. దగ్గర ఒక్కరూ లేరు.

వీధిలో అందరూ కళ్ళజోళ్ళమ్మ అని పిలిచే ఆవిడ పొయ్యి ముందు నిలబడి ఎటో చూస్తోంది. టీ పొంగిపోతున్న సంగతే తెలియదు. బజారులో కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములు వంచి, మరలు బిగించి, వచ్చినవాళ్ళ ముక్కులకూ చెవులకూ అద్దాలు సరిగ్గా కూర్చోబెట్టడం ఆవిడ పని. ఊళ్ళో వాళ్ళందరి కళ్ళకూ సేవ చేసే ఆ మనిషి కళ్ళు మాత్రం ఆ పూట బూరెల్లా వాచి ఉన్నాయి.

“అమ్మా, టీ!” అంటూ చిట్టి పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. “మళ్ళీ ఏడ్చావా?”

“ఎవరేడ్చారు? పడిశం పట్టింది.”

“టీవీ చూస్తే పడిశం పడుతుందని నాకిప్పుడే తెలిసింది.”

“నీకేం తెలుసులే! పక్కనే కూర్చుంటావు, గంటసేపూ ఆ ఫోనులో తల దూరుస్తావు. మీ నాన్న ఉంటే నీ చెవి మెలిపెట్టేవారు.”

చిట్టి నవ్వలేదు. గిన్నె తుడవడంలో పడిపోయింది. పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలో ఎడిటింగు చేస్తుంది ఆ పిల్ల. గంటల తరబడి తీసిన వేడుకను కత్తిరించి, అతికించి, పది నిమిషాల ముచ్చటగా మార్చడంలో ఆమెను మించినవాళ్ళు లేరని స్టూడియో యజమాని అంటుంటాడు. నిరుడు తండ్రి పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో మిగిలింది తల్లీ కూతుళ్ళిద్దరే.

అంతలో కళ్ళజోళ్ళమ్మ తమ్ముడు ఊడిపడ్డాడు. డ్రైవింగు నేర్పే స్కూలు అతనిది. రోజూ కారు తీసే ముందు అక్క చేతి టీ తాగకపోతే బ్రేకులు పడవని అతని నమ్మకం.

“అక్కా! నువ్వు మామూలు మనిషివి కాదు! మా స్కూల్లో అందరూ నీ గురించే...”

వెనకనుంచి చిట్టి కళ్ళతోనే నిప్పులు కురిపించింది. తమ్ముడు నాలుక కరుచుకున్నాడు.

“నా గురించి ఏమిట్రా?”

“ఏం లేదక్కా. ముసలాయన పోయినా ఇంత నిబ్బరంగా ఉన్నావని చెప్పానులే. అసలా కథ రాసినవాళ్ళకి గడ్డి పెట్టాలి! ఇన్నేళ్ళు కాపాడి, చివర్లో చంపుతారా ఎవరైనా?” అని గబగబా టీ గొంతులో పోసుకుని, మూతి కాలినా కిక్కురుమనకుండా వెళ్ళిపోయాడు.

కళ్ళజోళ్ళమ్మకు అనుమానం రాకపోలేదు. కానీ తమ్ముడి మాటల వెనక ఏముందో వెతుక్కుంటూ కూర్చుంటే దుకాణం ఎవరు తెరుస్తారు?

మధ్యాహ్నం అద్దాలు వదులయ్యాయంటూ ఒకాయన వచ్చాడు. ఆవిడ మర బిగిస్తుంటే ఆయన ఆమె మొహంలోకి అదేపనిగా చూడసాగాడు. చూసి చూసి ఒక్కసారిగా చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

“మీరు కెప్టెన్‌ని తిట్టినావిడ కదూ!”

“నేనా? ఏ కెప్టెన్‌ని?”

ఆయన ఫోను తీసి ముందు పెట్టాడు. అందులో ఉన్నది తనే. జుట్టు రేగిపోయి, ముక్కు ఎర్రబడి, కళ్ళనీళ్ళు కారిపోతుండగా వేలు చూపిస్తూ అరుస్తోంది. ‘ఒక్క నిమిషం ఆగలేకపోయావా? వస్తున్నానుగా! ఏమంత తొందరొచ్చింది నీకు?’ పైన పెద్ద అక్షరాలతో ‘కెప్టెన్‌కి అమ్మ చివాట్లు’ అని ఉంది. కింద వరుసగా పగలబడి నవ్వే బొమ్మలు.

“లక్షమంది చూశారండీ! మా ఇంట్లో అందరం పడీ పడీ నవ్వాం” అన్నాడాయన సంబరంగా.

దుకాణం యజమాని కూడా తొంగి చూసి నవ్వేశాడు. ఆవిడకు తల తీసేసినట్టయింది. అయినా చేతిలో పని చేతిలో వదిలేసే మనిషి కాదు. మర బిగించి, అద్దాలు తుడిచి, ఆయన చెవుల మీద సరిగ్గా కూర్చోబెట్టి, అప్పుడు యజమానికి తలనొప్పి అని చెప్పి ఇంటిదారి పట్టింది. దారి పొడుగునా ఎదురైన ప్రతివాళ్ళూ తనను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది.

సాయంత్రం చిట్టి గుమ్మంలో అడుగు పెట్టగానే తల్లి అడిగింది.

“నా ఏడుపు చూసి లక్షమంది నవ్వారట. నిజమేనా?”

చిట్టి చేతిసంచి భుజం మీదే ఉండిపోయింది. “అమ్మా... అది నేను సరదాగా పెట్టాను. అభిమానుల పేజీ ఉంది, అందులో అందరూ కెప్టెన్ పోయినప్పుడు ఎలా అయిపోయారో పెడుతున్నారు. నువ్వు ఎంత ముద్దుగా తిట్టావో...”

“నన్నడిగావా?”

“అడిగితే ఒప్పుకోవుగా.”

“ఒప్పుకోనని తెలిసే అడగలేదన్నమాట. భేష్! మీ స్టూడియోలో పెళ్ళివాళ్ళని కూడా ఇలాగే దొంగచాటుగా తీస్తారా?”

“వెక్కిరించట్లేదమ్మా ఎవరూ! నువ్వే విను.” చిట్టి ఫోను తీసి చదవడం మొదలుపెట్టింది. “‘మా అమ్మ కూడా టీవీతో ఇలాగే దెబ్బలాడుతుంది.’ చూశావా? ఇంకొకరు, ‘ఈవిడ ఓడలో ఉంటే కెప్టెన్ చచ్చే ధైర్యం చేసేవాడు కాదు.’ ఎంత ప్రేమగా రాశారో! ఇదిగో, ఇక్కడొకావిడ... ‘ఈవిడ తిట్టేది...’”

చిట్టి ఫోను దించేసింది.

“చదువు. ఆపావేం?”

చిట్టి మెల్లగా చదివింది. “‘ఈవిడ తిట్టేది కెప్టెన్‌ని కాదనుకుంటాను. మా ఆయన పోయినప్పుడు నేనూ దగ్గర లేను. నేనూ సరిగ్గా ఈ మాటే అన్నాను.’”

చిట్టి తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది.

“ఇలా తే” అని ఆవిడ ఫోను అందుకుంది. వీడియో మొదటినుంచీ చూసింది. మళ్ళీ చూసింది. “నేను అరిచే ముందు పక్కకి తిరిగాను. మీ నాన్న కూర్చునే కుర్చీ వైపు. అదేది?”

“అక్కడ... నీ మొహం చీకట్లోకి వెళ్ళిపోయింది. కనబడటం లేదని తీసేశాను.”

“అది తీసేస్తే నేను టీవీని తిడుతున్నట్టే ఉంటుందిగా!”

“నువ్వు టీవీనే తిడుతున్నావని నేనూ అనుకున్నానమ్మా” అంది చిట్టి.

“ఆ పూట కాస్త తేరుకుని టీ అడిగారే మీ నాన్న. ఆస్పత్రిలో చేరాక ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. ఎగిరి గంతేసి కిందికి పరుగెత్తాను. తెచ్చేసరికి గదినిండా నర్సులున్నారు. చేతిలో టీ వేడిగానే ఉంది.” ఆవిడ ఫోను చిట్టి చేతిలో పెట్టేసింది. “అప్పుడు నోరు పెగల్లేదు. ఇన్నాళ్ళూ పెగల్లేదు. నిన్న ఆ ముసలాయన అలా ఒంటరిగా పోతుంటే, లోపలున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. మొగుడితో చెప్పుకోవాల్సిన మాటకి ఊళ్ళో వాళ్ళందరూ నవ్వుతున్నారు.”

చిట్టి తల వంచుకుని వీడియో తీసెయ్యబోయింది.

“ఆగు. ముందు ఆ రాసినావిడకి జవాబు రాయి.”

“ఏమని?”

“మీరన్నది నిజమే అని. ఆవిడ చూసిందాకా ఆగి, అప్పుడు తీసెయ్.”

ఆ రాత్రికే జవాబు చూసినట్టు ఆవిడ దగ్గర్నుంచి ఒక నమస్కారం వచ్చింది. వీడియో పోయింది. మాటలు కూడా పోయాయి. టీ పెట్టాను, తలుపేసుకో, గొడుగు మర్చిపోకు, ఇంతకు మించి ఆ వారమంతా తల్లి నోటినుంచి రాలేదు. టీవీ మీద దుప్పటి కప్పేసింది. ఆఖరి భాగం చూడనని తమ్ముడికి ఖరాఖండిగా చెప్పేసింది. తమ్ముడు లబోదిబోమన్నాడు. ముప్పై ఏళ్ళు చూసి ముగింపు చూడకపోవడమేమిటని బతిమాలాడు. ఆవిడ కరగలేదు. ఇక ఆ టీవీ ముందు కూర్చుంటే ఎప్పట్లా భర్తతో కూర్చున్నట్టు కాదు, లక్షమందితో కూర్చున్నట్టుంటుందని ఆవిడ బాధ.

ఆదివారం సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే ముందుగదిలోంచి ‘ఏడో వాకిలి’ పాట వినిపించింది. కళ్ళజోళ్ళమ్మ తరగడం ఆపలేదు. పాట అయిపోయింది. చిట్టి గొంతు వినిపించింది, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

“ఈ నీలం చొక్కావాడెవడు? ఇంత ఏడుస్తున్నాడేం?”

ఆవిడ పళ్ళు బిగపట్టింది.

“ఓహో, ఈ పొడుగామె కెప్టెన్ చెల్లెలన్నమాట.”

ఇక తట్టుకోవడం ఆవిడ వల్ల కాలేదు. కత్తి పట్టుకునే ముందుగదిలోకి వచ్చింది. “చెల్లెలేమిటే! ఆవిడ మొదట్లో శత్రువుల ఓడ మనిషి. కెప్టెనే కాపాడాడు. ఆ నీలం చొక్కా ఆయన డాక్టరు! ఇన్నేళ్ళు పక్కన కూర్చుని డాక్టరెవరో కూడా తెలీదా?”

చిట్టి చేతుల్లో ఫోను లేదు. ఒళ్ళో రెండు చేతులూ ముడుచుకుని కూర్చుంది.

“నేనెప్పుడు చూశానమ్మా? చిన్నప్పుడు దీని గురించి మీరిద్దరూ ఎలా దెబ్బలాడుకుంటారో చూసేదాన్ని. నాన్న పోయాక నిన్ను చూస్తున్నాను. ఫోనులోంచి చూస్తే నాకు ఏడుపు రాదు. అందుకే తీస్తూ కూర్చునేదాన్ని.” టీవీ వైపు చెయ్యి చూపించింది. “ఇవాళే మొదటిసారి చూస్తున్నాను. ఇదంతా నాన్నకెంత ఇష్టమో! నాకు ఒక్క ముక్క కూడా తెలీదు. ఆయనుండగా ఒక్కసారి అడిగితే ఎంత బాగా చెప్పేవారు...”

ఆ మాట పూర్తి కాలేదు. తండ్రి పోయిన రోజు బంధువులందరికీ మంచినీళ్ళందిస్తూ తిరిగిన పిల్ల, ఏడాదిగా తల్లిని కనిపెట్టుకుని నవ్విస్తూ వచ్చిన పిల్ల, గుక్కపెట్టి ఏడ్చింది. పెళ్ళివాళ్ళ కన్నీళ్ళు కత్తిరించే పిల్ల కన్నీళ్ళు ఈ ఏడాదంతా ఎక్కడికెళ్ళాయో తనొక్కసారీ ఆలోచించలేదని కళ్ళజోళ్ళమ్మకు అప్పుడు తట్టింది. ఆ మనిషిని పోగొట్టుకుంది తనొక్కతే అయినట్టు, ఇన్నాళ్ళూ దుఃఖమంతా తనొక్కదానిదే అనుకుంది.

కత్తి బల్ల మీద పెట్టి, కూతురి పక్కన కూర్చుని తలను గుండెకు హత్తుకుంది. “ఏడువమ్మా. నేనెక్కడికీ వెళ్ళను” అంది. వీపు నిమురుతూనే ఉంది. టీవీలో ఓడ ఏ వాకిలి దాటిందో, ఎవరు కెప్టెనయ్యారో, ముప్పై ఏళ్ళ కథ ఎలా కంచికి చేరిందో ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

పేర్లు పడటం మొదలయ్యిందో లేదో, ఫోను మోగింది. తమ్ముడు గుక్క తిప్పుకోకుండా అరుస్తున్నాడు. “అక్కా! చూడనన్నా చూశావని నాకు తెలుసు! ముగింపు ఎలా ఉంది? చెప్పు, చెప్పు!”

“చూడలేదురా” అంది ఆవిడ, కూతురి కళ్ళు తన కొంగుతో తుడుస్తూ. “ఇంట్లో పని పడింది. మళ్ళీ వేస్తారుగా, అప్పుడు చూస్తాం. మొదటినుంచి చూడాలి, దీనికి డాక్టరెవరో కూడా తెలీదు.”