వెలుతురు పడని చుట్టం

ఎండాకాలంలో ఎడారి అంచునున్న జిందేర్ ఊరికి దుమ్ము చుట్టపుచూపుగా రాదు, ఇల్లరికపుటల్లుడిలా వస్తుంది. వానలు పడేదాకా కదలదు. సజ్జసంకటిలో దుమ్ము, నమాజు చాప మీద దుమ్ము, గొంతులో దుమ్ము. గొంతులు ఎండి పగిలే ఈ నెలల్లోనే మెడబిగుసు జబ్బు కూడా దిగుతుంది. పెద్దలు దాన్ని సుడిగాలిలో తిరిగే జిన్ను అనేవారు. ఆ గొడవ అలా ఉంచుదాం.

ఊరి చివర తుమ్మకాయల నీళ్ళతో తోళ్ళు పదును చేసే బుకార్ కానూరివాడు. అతని దగ్గరికి పాలు తెచ్చే దెమ్మో ఫులానీవాడు. ఈ రెండు జాతులకూ తాతలనాటి నుంచి బావామరదుల వరస. ఒకరినొకరు బానిసా అని పిలుచుకోవాలి, ఎగతాళి చేసుకోవాలి. కోపం వచ్చినవాడు ఓడినట్టు. చావులోనూ సరసం ఆగదు. పాడెకు అడ్డంగా ఎదుటి జాతివాడు పడుకుని పోయినవాణ్ణి అనుకరిస్తే, ఏడ్చేవాళ్ళు ఒక్క క్షణం నవ్వుతారు, అప్పుడు పాడె కదులుతుంది. మంచి ఆచారమే. ఒకటే లోపం, నిజంగా మూలిగినా నమ్మేవాడుండడు.

ఊళ్ళో ఉన్న రోజుల్లో దెమ్మో పడక బుకార్ పిల్లల గదిలోనే. దుమ్ము రాకుండా దానికి కిటికీ మూసేసి ఉంచేవారు.

ఆ పొద్దున దెమ్మో తలపాగా కొంగు మొహం మీదికి లాక్కుని తోళ్ళు నానే తొట్ల దగ్గరికొచ్చాడు.

"బావా, ఒళ్ళు కాలిపోతోంది. తల పగిలేట్టుంది. వెలుతురు చూడలేకపోతున్నా. మెడ వంగట్లేదు."

"ఫులానీవాడి మెడ ఎప్పుడు వంగింది గనక? యజమాని ముందు వంచుంటే ఈపాటికి అలవాటయ్యేది."

పనివాళ్ళు గొల్లున నవ్వారు. దెమ్మో కూడా నవ్వబోయి, పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

"చూశారా, పాలల్లో కలిపే నీళ్ళు ఇవాళ తనే తాగాడు," అన్నాడు బుకార్.

దెమ్మో తోళ్ళ కొట్టు చీకట్లోకి పోయి పడుకున్నాడు. మధ్యాహ్నం బుకార్ వెళ్ళి కాలితో తట్టాడు. "లేరా, వేషం చాలు." తల వెనక్కి విరిగి, గడ్డం పైకి లేచి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకుని బుకార్ ఇంకోసారి తట్టాడు. కాలికి తగిలిన ఒళ్ళు చల్లగా ఉంది.

ఆసుపత్రి నర్సు రకియా వచ్చి చూసింది.

"మెడబిగుసు జబ్బే ఇది. జ్వరం, తలనొప్పి, వాంతి, వెలుతురు పడకపోవడం, మెడ బిగుసుకోవడం... ఇన్ని చెప్పే ఉంటాడే. ఎవరూ వినలేదా? పోనీ, ఎవరి గదిలో పడుకునేవాడు? వాళ్ళకే ముందు ముప్పు. పసివాళ్ళకీ కుర్రకారుకీ మరీను. ఇప్పుడే మందు మింగిస్తే ఆపొచ్చు."

చెబితే, విని నవ్వానని కూడా చెప్పాలి, అనుకున్నాడు బుకార్.

"పాలవాడు కదమ్మా, ఎక్కడెక్కడో పడుకునేవాడు," అన్నాడు.

తామూ నవ్వారు గనక పనివాళ్ళు నేల చూపులు చూశారు.

సాయంత్రం పాడెకు అడ్డంగా బుకారే పడుకోవలసి వచ్చింది. అందరూ అడిగితే మెడ వెనక్కి విరుచుకుని చూపించాడు. ఏడ్చేవాళ్ళు నవ్వారు. పాడె తన మీదుగా దాటుతుంటే, పైనుంచి కూడా ఎవరో సన్నగా నవ్వారు.

మర్నాడు నడిపొద్దున దుమ్ముతుఫాను లేచింది. ఆకాశం ఎర్రబడి, నల్లబడి, ఇంట్లో చెయ్యి చూసుకుంటే కనపడలేదు. గాలి రేకుల మీద ఇసుక విసురుతోంది. పిల్లల గదిలోంచి పులిసిన పాల వాసన వచ్చింది. ఆ రోజు ఇంట్లో పాలు లేవు.

బుకార్ దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లలు వరసగా పడుకున్నారు. వరస చివర... ఒకటి పొడుగ్గా ఉంది. గడ్డం పైకెత్తుకుని ఉంది.

"బావా..."

బుకార్ దీపం పైకెత్తాడు.

"ఈసారి... నవ్వకు."

"నాన్నా," అంది కూతురు యాగానా. "దీపం తీసెయ్... కళ్ళు మండుతున్నాయి."

వరస చివర ఎవరూ లేరు. బుకార్ కూతురి తల కింద చెయ్యి పెట్టి ఎత్తాడు. మెడ వంగలేదు. తలతోబాటు వీపంతా చెక్కలా లేచింది.

పిల్లను భుజాన వేసుకుని, మిగతా పిల్లలతో పెళ్ళాం వెనక వస్తుంటే, ఆ చీకట్లో ఆసుపత్రికి పరుగెత్తాడు. గుమ్మంలోనే అరిచినట్టు చెప్పాడు. "అబద్ధం చెప్పానమ్మా. దెమ్మో మా పిల్లల గదిలోనే పడుకునేవాడు. జబ్బని నాకు చెప్పాడు. నేను నవ్వాను. అందరిలో నవ్వాను."

రకియా చేతిలో సూది అప్పటికే సిద్ధంగా ఉంది. యాగానాకు పొడిచింది, మిగతావాళ్ళకు మందు మింగించింది.

"బతుకుతుంది. వినికిడి నిలుస్తుందో లేదో తర్వాత చూడాలి," అంది. "అయినా నువ్వు చెప్పక్కర్లేదులే. మీ బావమరిది ముందే వచ్చి పిల్లలందరి పేర్లూ చెప్పాడు."

"ఎవరు?"

"మొహం కప్పుకున్నాడు, చూడలేదు. ఆయనకీ ఒంట్లో బాగాలేదు, వెలుతురు పడదన్నాడు. లోపలి గదిలో పడుకోబెట్టాను."

బుకార్ లోపలికి వెళ్ళాడు. కిటికీ మూసిన గది. నేల మీద చాప. ఎవరూ లేరు. క్షమించమందామనుకున్నాడు. బావామరదుల మధ్య ఆ మాట లేదు. వంగి, చాప మీద చెయ్యి ఆనించాడు.

కాలుతోంది.

తుఫాను ఆగాక రకియా ఆ చాపను బయట తీగ మీద ఆరేసింది. తెల్లవారాక తీయబోతే ఆ వేడికి చెయ్యి పెట్టలేకపోయింది.