వాగు కడగని పాట

శనివారం... మాఘ అమావాస్య... సంపూర్ణ సూర్యగ్రహణం! పట్టపగలే ఆకాశం నల్లబడుతోంది. పొద్దు గుంకిందనుకొని గుడ్లగూబలు కూస్తున్నాయి. భద్రాచలం దాకా ఊళ్లన్నీ తలుపులు బిగించుకొని కూర్చుంటే, టేకులపల్లి అవతల అడవిలో పాడుబడిన ఫారెస్టు బంగళాలో మాత్రం టేపురికార్డరు చక్రాలు తిరుగుతున్నాయి.

సారంగపాణి గిటారు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. పక్కనే ఎర్రగుడ్డ కింద కపాలం! అతడు బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. రాక్ సంగీతమంటే చెవి కోసుకుంటాడు. తను కొలిచే కళాకారులతో కలిసి ఒక ఆల్బమ్ చేయాలన్నది అతడి కల. పుట్టినప్పుడు అది నిర్మలమైన కలే. దాన్ని విషం చేసింది ఒక్క మాట. రిహార్సల్లో వయొలిన్ రామ్‌చందర్ నిమ్మళంగా అన్నాడు: "వేళ్లు మంచిగ ఉరుకుతున్నయ్ తమ్మీ. కానీ అండ్ల నువ్వు లేవు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. సారంగపాణి గోదావరి ఒడ్డు శ్మశానంలో ఒక క్షుద్రోపాసకుడి కాళ్లు పట్టుకొని ఆ కపాలాన్నీ, మంత్రాన్నీ సంపాదించాడు. అతిథి కళాకారుడు మనసారా పాడో వాయించో ముగించగానే కపాలంపై తన నెత్తురు చిలకరిస్తే చాలు... ఆ విద్య సమస్తం సారంగపాణి గిటారు తీగల్లోకి వచ్చేస్తుంది! రికార్డింగు నాడే రామ్‌చందర్ వేళ్లు కట్టెల్లా బిగిసిపోయాయి. రెండో పాటకు డోలు కొట్టిన దూలయ్య దెబ్బ మరిచిపోయి, తన డోలును ఎన్నడూ ఎరగనట్టు చూశాడు. ఎవరిని పూజించాడో వాళ్లనే తిన్నాడు. పాపిష్టి ఆకలి! మంత్రం కోరిన మూడు విద్యల్లో ఇక మిగిలింది మూడోది. ఈ గ్రహణం విడిచేలోగా అది చిక్కకపోతే దోచుకున్నవన్నీ వెనక్కి పోతాయి. వాటితోపాటు అతడి ప్రాణం కూడా పోతుంది.

ఎదురుగా లంబాడీ ముసలవ్వ హేమ్లి కూర్చుంది. తండాలో ఎవరు పోయినా ఏడుపు పాట ఆమెదే. సారంగపాణికి ఆ పాటే కావాలి. ఆమె చాలాసేపు ఒప్పుకోలేదు.

"గది ఉత్తగ పాడే పాట కాదు బిడ్డా. పాడినంక వాగుల నోరు పుక్కిలించాలె. లేకుంటే సచ్చినోళ్లు పాట ఎంబడే తిరుగుతరు."

"వాగు పక్కనే ఉన్నది కదవ్వా. అయినంక పోదువు" అన్నాడతడు. ఆమె పాట కోసం కళ్లు మూసుకోగానే లేచి తలుపుకు తాళం వేశాడు. గొంతు చేతికి చిక్కేదాకా మనిషి గడప దాటకూడదు మరి!

హేమ్లి పాడింది. రాగం సాగేకొద్దీ సూర్యబింబం కరిగి కరిగి... ఘోరాంధకారం! సారంగపాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత గొప్ప పాట! ఆ కన్నీళ్లతోనే అతడు బొటనవేలు కోసుకున్నాడు. పాట ముగిసింది. ఆమె లేచి తలుపు తీయమని సైగ చేసింది. అతడు తీయలేదు. కపాలంపై నెత్తుటి చుక్క పడింది... హేమ్లి గొంతు పట్టుకొని కూలబడింది.

గిటారు తనంతట తానే మోగింది! అది హేమ్లి గొంతు... దాని వెనక ఇంకో గొంతు... ఇంకో గొంతు... ఇన్నేళ్లుగా ఆమె ఏడ్చి సాగనంపిన వాళ్లందరూ ఆ తీగల్లోకి వచ్చిపడ్డారు! "నాకోసం ఏడువు" అంది ఒక బాలింత గొంతు. "నాకోసం" అంది బొగ్గుబాయిలో పూడిపోయిన కూలీ గొంతు. సారంగపాణి వేళ్లు తీగలను వదల్లేకపోయాయి. చర్మం చిట్లింది. ఎముక తేలింది. కపాలాన్ని శరణు వేడాడు. ఇంతమంది దుఃఖం ముందు ఆ ముష్టి పుర్రె ఏపాటి? ఫెటిల్లున పగిలి బూడిదైపోయింది!

గ్రహణం విడిచింది. హేమ్లికి గొంతు తిరిగొచ్చింది. రామ్‌చందర్ వేళ్లు, దూలయ్య దెబ్బ కూడా ఆ క్షణానే తిరిగొచ్చాయని తర్వాత తెలిసింది. సారంగపాణి గిటారు మీదికి వాలిపోయి ఉన్నాడు. ఊపిరి లేదు.

ఆమె అతడి జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది. గడప దగ్గర ఆగింది. శవాన్ని ఏడుపు లేకుండా వదిలిపోవడం ఆమెకు తెలియదు.

"నీకోసం ఏడ్వనీకి ఒక్కర్నన్న మిగుల్చుకోకపోతివి బిడ్డా" అంటూ వెనక్కి వచ్చి, అతడి తల పక్కన కూర్చొని, ఇందాకటికన్నా గొప్పగా పాడింది. టేపు అప్పటికే అయిపోయి, ఖాళీ చక్రం తిరుగుతోంది.

పాట ముగిశాక ఆమె వాగులోకి దిగి, నోరు పుక్కిలించుకొని, తండా దారి పట్టింది.