నలభైలో లేని కార్డు

పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను ధైర్యవంతురాలిని" అని మూడుసార్లు చెప్పుకుంటే ధైర్యం వచ్చేస్తుందా? నాకు ఇలాంటివంటే ఒళ్ళు మంట. కానీ మా అక్క కోసం అలాంటి మాటలు అచ్చేసిన కార్డులు నేనే కోసి తెచ్చాను.

నేను ప్రింటింగ్ ప్రెస్‌లో, కటింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. మా బావ అక్కడే కటింగ్ మాస్టరు. మూడు నెలల క్రితం కాగితాలు కోసే మెషిన్ బ్లేడు కింద ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయి, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. అప్పట్నుంచి అక్క నా దగ్గరే ఉంటోంది. తిండి లేదు, నిద్ర లేదు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే నాకు గుండె చెరువైపోయేది. తనకేమైనా అయితే నాకంటూ ఇంకెవరున్నారు?

రోజుకో కార్డు తీసి పైకి చదివితే మనసు కుదుటపడుతుందని ఆస్పత్రి నర్సు చెప్పింది. సరిగ్గా మా ప్రెస్‌లో అవే అచ్చవుతున్నాయి. అదే మెషిన్ మీద ఒక కట్ట, నలభై కార్డులు, కోసి తెచ్చిచ్చాను.

మొదటి వారం బాగానే ఉంది. "ఈ రోజు నాది" అని అక్క చదువుతుంటే, నిన్న ఎవరిదో మరి, అని వంటింట్లోంచి నేను వెటకారం చేసేదాన్ని. అక్క నవ్వేది. రెండు పూటలా తినడం మొదలుపెట్టింది.

ఎనిమిదో రోజు నేను టీ వడకడుతుంటే గదిలోంచి వినిపించింది.

"నేను తొందరపడలేదు."

టీ చేతిమీద ఒలికింది. ఆ నలభై వాక్యాలూ నాకు కంఠతా వచ్చు, వేల కట్టలు ప్యాక్ చేశాను. అందులో ఈ మాట లేదు. వెళ్ళి చూశాను. అదే అట్ట, అదే అచ్చు. దగ్గరికి తీసుకుంటే మెషిన్ ఆయిల్ వాసన... దాని వెనకాల పచ్చిగా, ఇనుము లాంటి ఇంకో వాసన. ఆ వాసన నాకు తెలుసు. ఆ రోజు మెషిన్ కింద నేల కడిగింది నేనే.

ఇక దాచి లాభం లేదు, చెప్పేస్తాను. మా మెషిన్‌కి రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే బ్లేడు దిగుతుంది. చేతులు బయట ఉండాలనే ఆ ఏర్పాటు. పని తెమలదని మాలో కొందరం ఒక బటన్ సందులో అట్టముక్క మడిచి ఇరికించేవాళ్ళం. అప్పుడు ఒక్క చేత్తోనే పనైపోతుంది. ఆ రోజు అట్ట పెట్టింది నేను. తియ్యకుండా భోజనానికి వెళ్ళిపోయాను. బావకి తెలీదు. బ్లేడు కింద కాగితాలు సర్దుతూ వంగినప్పుడు ఆయన మోచెయ్యి రెండో బటన్‌కి తగిలింది. తొందరపడి ఆయనే అట్ట పెట్టుకున్నాడని అందరూ అన్నారు. నేను నోరు మెదపలేదు. అంత తొందరేమొచ్చిందయ్యా నీకు, అని అక్క బావ ఫోటోని నిలదీసి ఏడుస్తుంటే కూడా మెదపలేదు.

ఆ కార్డుని పొయ్యిలో పెట్టి కాల్చాను. తర్వాత లెక్కపెడితే కట్టలో మళ్ళీ నలభై.

తొమ్మిదో రోజు: "తప్పు నాది కాదు." అక్క ఆ మాట చదివి హాయిగా ఏడ్చింది. తన కోసమే రాసినట్టుందంది. ఆ మాట కూడా నలభైలో లేదు.

పదో రోజు నేను గుమ్మంలోనే నిలబడ్డాను. అక్క అద్దం ముందు కూర్చుని కార్డు తీసింది. చదివింది. గొంతు తనదే... కానీ మెల్లగా, బరువుగా.

"అట్ట పెట్టింది నేను కాదు."

అద్దంలోంచే నన్ను చూసింది.

"మరి ఎవరే?" అంది గుసగుసగా.

చెప్పాల్సింది. అక్కడే కాళ్ళమీద పడాల్సింది. కానీ అక్క నన్ను వదిలి వెళ్ళిపోతుందన్న భయం నా నోరు నొక్కేసింది.

"బావే పెట్టుకున్నాడక్కా" అన్నాను.

గదిలో ఆయిల్ వాసన గుప్పుమంది. రోజుకి ఒక్కటే తీసే అక్క రెండో కార్డు తీసింది. పైకి చదవలేదు. నా ముందు పెట్టింది.

నా చెయ్యి నాకు కావాలి.

నా మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు నాకు జడలేసిన చెయ్యి కాదది. ఇనుప పట్టు. వంటింట్లోకి ఈడ్చింది. గట్టుకేసి నా చెయ్యి నొక్కింది. తన్నాను. కొరికాను. కదల్లేదు... ఎముకలు కొట్టే కత్తి తీసింది. అక్కా, అక్కా అని అరిచాను. ఒక్క వేటు... సగమే తెగింది. ఎముక దగ్గర కత్తి ఆగింది. పీకింది. మళ్ళీ వేసింది. గోడ మీద, టీ గిన్నె మీద, అక్క మొహం మీద నా రక్తం. కళ్ళు తిరుగుతుండగా చూశాను. అక్క నా చేతిని రెండు చేతులా పట్టుకుని, వెనకాల ఎవరికో అందిస్తోంది.

వంటింట్లో పొరపాటున తెగిందని డాక్టరుకి చెప్పాను. నమ్మాడో లేదో. అక్కకి ఏమీ గుర్తులేదు. కుట్టడానికి వీలవుతుందేమోనని ఆ చెయ్యి కోసం పక్కింటివాళ్ళు ఇల్లంతా గాలించారు. దొరకలేదు. ఇంటికొచ్చాక కార్డులన్నీ తగలబెట్టాను, ఈసారి తిరిగి రాలేదు.

లేని వేళ్ళు దురద పెట్టడం మామూలేనని నర్సు అంది. దురద కాదు. ఆ వేళ్ళకి జుట్టు తగులుతోంది. మెత్తగా, తడిగా. సరిగ్గా అక్క పక్కగదిలో తల దువ్వుకునే వేళకి. ఎవరికి చెప్పినా పిచ్చి పట్టిందంటారని ఊరుకున్నాను. నిజం మాత్రం ఇవాళ అక్కకి చెప్పేద్దామనుకున్నాను.

ఈ ఉదయం తగిలింది జుట్టు కాదు... మెడ. నాడి కొట్టుకోవడం నా లేని బొటనవేలికి తెలిసింది. వేళ్ళు బిగుసుకున్నాయి. విప్పాలని చూశాను. నా మాట వినలేదు.

పరిగెత్తాను. అక్క అద్దం ముందు కళ్ళు మూసుకుని కూర్చుంది. గదిలో ఇంకెవరూ లేరు. నేనింకా గుమ్మంలోనే ఉన్నాను. తన మెడ మీద ఒక్కొక్కటే ఎర్రగా తేలుతున్నాయి వేళ్ళ అచ్చులు. కళ్ళు తెరవకుండానే, ఊపిరాడని గొంతుతో అడిగింది.

"ఏమే... నీ చెయ్యి ఇంత వెచ్చగా ఉందేంటే?"