పైగట్టు తోపులో పాకం

క్యుబెక్ కొండల్లో ఆ ఊరివాళ్లు పైగట్టు మేపుల్ తోపు పేరెత్తితే శిలువ గుర్తు వేసుకుంటారు. ముసలి ఫిలిబేర్ పోయినప్పటినుంచీ, మంచు కరిగే రోజుల్లో, చీకటి పడ్డాక అక్కడ ఎవరో పాకం కాచే రసానికని చెట్లకి తూట్లు పొడుస్తుంటారట. చెట్లన్నీ ఎండిపోయాయట.

చెప్పింది ఎవరు? కొడుకు రొసేర్. ముసలాయన తోపు రాసిచ్చింది ఎవరికి? కూతురు ఒజానాకి. దెయ్యాలు ఆడదాని వాటాకే ఎందుకు కాపలా కాస్తాయో — ఊళ్లో ఒక్కరూ అడగలేదు.

నాలుగేళ్లు ఒజానా అటు అడుగుపెట్టలేదు. ఎండు చెట్లు నీకెందుకు, అన్నయ్యకి రాసెయ్యమని మొగుడు ఒరేల్ కూడా పోరుపెట్టాడు. తెల్లారితే నోటరీ దగ్గర సంతకం. ఒరేల్ పేకాటకని పోయాడు. చనిపోయిన నాన్నకి ఒక్కమాట చెప్పుకుందామని ఆమె తోపుకి బయల్దేరింది.

మోకాలి లోతు మంచు. గాలి లేదు.

టప్... టప్...

చీకట్లో చెట్టుని తడిమింది. బకెట్టు తగిలింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది... తీపి. ఎండిన చెట్టు రసం కారుస్తుందా?

అంతలో చెట్ల మధ్య తెల్లగా ఏదో లేచింది... మనిషంత... చెట్టంత...

ఆవిరి. నాన్న పాకం కాచే గుడిసెలోంచి.

కిటికీలోంచి తొంగిచూసింది. రసం మరుగుతోంది. పైన, నురుగు పొంగకుండా, దారానికి ఉప్పేసిన పంది కొవ్వు వేలాడుతోంది — నాన్న కట్టినట్టే. గరిటెతో రొసేర్. పొయ్యిలో కట్టెలు తోస్తూ... ఒరేల్.

"అది ఇంకా నమ్ముతోందా బావా?" అడిగాడు రొసేర్.

"దెయ్యమంటే చాలు, దుప్పట్లోంచి తల తియ్యదు. రేపటిదాకా ఓపిక పట్టు."

ఇద్దరూ కిసుక్కున నవ్వారు. అన్న మోసానికి ఏడ్చేదేమో. మొగుడి నవ్వుకి మాత్రం కళ్లు పొడిగా మండాయి.

ఆ కొవ్వు లాగేస్తే చాలు, దొంగపాకమంతా పొయ్యిపాలు. కిటికీ రెక్క తీసి చెయ్యి చాపింది. జానెడు దూరం... అందలేదు.

దారం ఊగింది... ఆగింది.

కొవ్వు లేదు.

నురుగు బుస్సున పొంగి నిప్పుల్లో పడింది.

"ఎవరు తీశారు?" రొసేర్ గొంతు పీలగా వచ్చింది.

ఒజానా తలుపు తోసుకుని లోపలికొచ్చింది. "నేను సంతకం పెట్టను అన్నయ్యా."

వాళ్లు ఆమె ఖాళీ చేతులకేసి చూశారు. తర్వాత ఆమె భుజం వెనక్కి... మొహాల్లో నెత్తురు లేదు.

ఒజానా వెనక్కి తిరగలేదు. ఉప్పుకొవ్వూ, పొగా, తడి ఉన్నీ కోటూ — ఆ వాసన చిన్నప్పటినుంచీ ఎరిగిందే. ఆ గుడిసెలో ఆమెని మోసం చెయ్యనివాడు ఆయనొక్కడే.