అరువు తెచ్చిన నల్లగద్ద

ఆదివారం. మధ్యాహ్నం రెండున్నర.

జనగామలో నాలుగు రోజులుగా ముసురు. ఎస్సై పద్మలత యూనిఫాం ఆరక, ఒంటికి అంటుకుని చిరాకు పెడుతోంది. అప్పుడే ఫోన్ మోగింది.

"మేడం, దొంగతనం అయింది! నా కొడుకు కార్డు కొట్టేసిండ్రు. వెంటనే రావాలె!"

"ఏ కార్డు? ఏటీఎం కార్డా?"

"కాదు మేడం. ఆడుకునే కార్డు."

పద్మలత ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి ఒకసారి చూసింది. పేకముక్క పోతే ఎస్సై రావాలా? దేవుడా, ఏం ఉద్యోగం ఇది! కానీ అవతల అరుస్తున్నది నారాయణ. పాలకుర్తి వైపు ముప్పై ఎకరాల ఆసామి, మండలంలో లీడర్. వెళ్లకపోతే సాయంత్రానికి పైనుంచి ఫోన్ వస్తుంది.

జీపెక్కింది. వెనక కానిస్టేబుల్ పెద్దులు లాఠీ పట్టుకుని హుషారుగా కూర్చున్నాడు.

"పేకాట రైడా మేడం?"

"నాకే తెల్వదు. లాఠీ జీపులనే పెట్టు."

స్టేషన్ రోడ్డులో ఒక టిఫిన్ హోటల్, దానిపైన హాలు. లోపల నలభై మంది దాకా కుర్రకారు. బల్లల మీద రంగురంగుల కార్డులు. పెద్దులు బల్లల కిందికి కూడా వంగి చూశాడు.

"పైసలేవి మేడం? ఒక్క నోటు లేదు!"

పోటీ నడిపిస్తున్న నవీన్ ముందుకు వచ్చాడు. ఊళ్లోనే మొబైల్ షాపు అతనిది. ముఖం వాడిపోయి ఉంది.

"పైసల ఆట కాదు మేడం. గిది రణఘోష అనే కార్డు ఆట. ఎవరి కార్డులు వాళ్లు కొనుక్కొని కట్ట కట్టుకుంటరు. ఇయ్యాల గెలిచినోళ్లు హైదరాబాద్ పోటీకి పోతరు."

"మరి పోయింది ఏంది?"

"నల్లగద్ద. మెరుపు కార్డు. శానా అరుదు. ట్రాక్టర్ పెద్ద టైరుకు ఎంతయితదో గంత రేటు."

పెద్దులు నోరు తెరిచాడు. పద్మలత అతని వైపు చూసేసరికి మూసుకున్నాడు.

నవీన్ జరిగింది చెప్పాడు. ఫైనల్‌కు ఇద్దరు వచ్చారు. టేకుమట్ల యుగేందర్, మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చిన డిగ్రీ అమ్మాయి అక్షయ. ఫైనల్‌కు ముందు ఇద్దరి కట్టలూ చెక్ చేయాలి. యుగేందర్ కట్టలోని నల్లగద్దను టార్చి వెలుగులో చూస్తే నకిలీ అని తేలింది. మెరిసే రంగు పూసిన ఉత్త ప్రింటు. ఆ కార్డు యుగేందర్‌ది కాదు. నారాయణ కొడుకు శ్రావణ్ వారం కింద అరువిచ్చింది.

"అసలుది ఇచ్చిన మేడం!" శ్రావణ్ గొంతు పెంచాడు. "వీడు మార్చిండు!"

పక్కనే తెల్ల చొక్కాలో నారాయణ. "కేసు రాయుండ్రి మేడం. మీరు రాయకుంటే రాసేటోళ్ల దగ్గరికే పోత."

హాలు మూలన ఒక సన్నటి యువకుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. యుగేందర్. ఇరవై ఏడేళ్లుంటాయి.

"ఎన్నేండ్ల సంది ఆడుతున్నవ్?" పద్మలత అడిగింది.

"ఇంటర్‌ల ఆడిన మేడం. మధ్యల తొమ్మిదేండ్లు ఇడిసిపెట్టిన. మల్ల ఈ ఏడాదే మొదలువెట్టిన."

"కార్డులు కొనడానికి పైసలు?"

"నేను కొనేయి పెద్దయి కావు. వేరేటోళ్లు పనికిరావని పారేసేటియి కుప్పగ అగ్గువకు తెచ్చుకుంట. వాటితోనే కట్ట కట్టిన. గా ఒక్క నల్లగద్ద తక్కువైంది. శ్రావణే పిలిచి ఇచ్చిండు."

"వాడే పిలిచిండా?"

"అవు మేడం. నేను అడగలే."

పద్మలత ఆ మాట మనసులో పెట్టుకుంది.

"మార్చినవా?"

"నా అవ్వ మీద ఒట్టు, మార్చలే!" చేతులు జోడించాడు. "మేడం, నేను జూనియర్ లైన్‌మన్‌కు సెలక్ట్ అయిన. పోలీస్ వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు నా మీద కేసు పడితే నౌకరి పోతది. నాలుగేండ్లు చదివితే వచ్చిన నౌకరి."

పద్మలతకు అర్థమైంది. ఇది పేకముక్క గొడవ కాదు. ఒక మనిషి బతుకు. తను సంతకం పెడితే అంతే సంగతులు.

సోదా మొదలైంది. యుగేందర్ సంచి. నవీన్ డ్రాయరు. అక్షయ బ్యాగు. నల్లగద్ద ఎక్కడా లేదు.

పద్మలత అక్షయ వైపు తిరిగింది.

"యుగేందర్ కట్టను నువ్వు ముట్టుకున్నవా?"

"పొద్దున లీగుల మొదటి ఆట మాదే మేడం. ఎదుటోళ్ల కట్ట కలిపియ్యాలె. అందరి ముందే కలిపిన."

"ఫైనల్‌ల వానికి నల్లగద్ద లేకుంటే నీకే లాభం కదా?"

"లాభమే. కానీ గట్ల గెలిస్తే నాకేం ఇజ్జతుంటది?"

పిల్ల బెదరలేదు. తన కట్ట తీసి బల్ల మీద పరిచింది. చూసుకోండి అన్నట్టు.

పద్మలత చూసింది. మామూలు కార్డులన్నీ బల్లకు ఆనుకుని ఉన్నాయి. మెరిసే కార్డులు మాత్రం వేయించిన అప్పడాల్లా అంచులు లేపుకుని ఉన్నాయి.

"గివెందుకు వంగినయ్?"

"ముసురు మేడం. మెరుపు కార్డుకు ముందు సన్నటి రేకు, ఎనక కాయితం. చెమ్మకు కాయితం ఉబ్బుతది, రేకు ఉబ్బదు. గందుకే వంగుతయి. వానకాలం అందరికీ గిదే పరేషాన్."

"కొందరివి వంగకుండ ఉంటాయా?"

నవీన్ అందుకున్నాడు. "ఇరవై నాలుగు గంటలు ఏసీల పెడితే తప్ప ఉండయి మేడం. నేను దుకాణంల బియ్యం డబ్బాల దాస్త. అయినా జరంత వంగుతయి."

పద్మలత నకిలీ కార్డును వేలితో తట్టింది. బల్లకు అతుక్కున్నట్టు చదునుగా ఉంది. ఇంతసేపూ అందరి కళ్ల ముందే ఉంది! ఎవరూ అడగలేదు, అంతే.

"అందరూ ఇటు రండి."

కుర్చీలు కిరకిరలాడాయి. నలభై మంది గుంపుకట్టారు.

"శ్రావణ్, నీ నల్లగద్ద ఎట్ల ఉండె? వంగి ఉండెనా, సక్కగ ఉండెనా?"

శ్రావణ్ కళ్లు ఒక్క క్షణం బల్ల మీది కార్డు మీదికి పోయాయి.

"జర వంగి ఉండె మేడం."

"ఏంది వంగుడు?" నారాయణ కయ్యిమన్నాడు. "రెండేండ్లు నా ఇంట్ల ఉంది! ఇంటికి వచ్చినోళ్లందరికీ నేనే చూపిచ్చిన. స్కేలు లెక్క ఉంటది. గీ రేటు పెట్టి కొన్నది వంకర పోతదా?"

"బాపు, నువ్వు జరసేపు ఊకో."

"నేనెందుకు ఊకోవాలె? ఉన్నది చెప్తున్న!"

"చెప్పండి నారాయణగారు," అంది పద్మలత నెమ్మదిగా. "ఎక్కడ పెట్టేటోళ్లు?"

"హాల్ల, టీవీ పక్కన షోకేసుల."

"ఏసీ ఉందా?"

"హాల్ల ఏసీ ఎక్కడిది? షోకేసుకు అద్దం కూడా లేదు. మనుమరాలు పలగ్గొట్టింది."

"రెండు వానకాలాలు. ఒక్కసారన్న వంగిందా?"

"ఇంచు కూడా వంగలే!"

ఆట తెలిసిన నలభై మందికీ ఒకేసారి అర్థమైంది. తెలియనిది నారాయణ ఒక్కడికే. అందరూ తనవైపు ఎందుకు చూస్తున్నారో తెలియక చొక్కా సర్దుకున్నాడు.

పద్మలత నకిలీ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అసలు కార్డు ముసురుకు వంగి తీరుతది నారాయణగారు. మీ ఇంట్ల రెండేండ్లు వంగని కార్డు అసలుది కాదు. యుగేందర్ ఏం మార్చలే. మార్చనీకె అక్కడ అసలుదే లేదు. మీరు కొన్నదే నకిలీ. ఆ సంగతి మీకు తెల్వదు."

ఆగి, శ్రావణ్ వైపు తిరిగింది.

"నీకు తెలుసు. గందుకే ఇప్పుడు వంగిందని అబద్ధమాడినవ్. గందుకే బాపును ఊకోమన్నవ్. అడగని మనిషిని పిలిచి మరీ కార్డు ఎందుకిచ్చినవ్?"

శ్రావణ్ కుర్చీలో కూలబడ్డాడు.

"పోయిన నెల హైదరాబాద్‌ల ఒకాయనకు చూపిచ్చిన మేడం. ఉత్త ప్రింటు అన్నడు. బాపు ఊరంత చెప్పుకున్నడు. బాపు పైసలతోని నేను కొని మోసపోయిన అని ఏ నోటితోని చెప్పాలె? యుగేందర్ ఓడిపోయి కార్డు తిరిగిస్తడు, వాడు మార్చిండని ఇంట్ల చెప్పుకుందామనుకున్న. వాడు ఫైనల్ దాక వస్తడనుకోలే. బాపు పోలీసులను పిలుస్తడనుకోలే."

"నా నౌకరి సంగతి నీకు తెల్వదా?" యుగేందర్ మొదటిసారి గోడ వదిలి ముందుకు వచ్చాడు. "మిఠాయి నీకే గదరా ముందు పెట్టిన!"

నారాయణ కార్డు బల్ల మీద పడేసి కొడుకు వైపు కదిలాడు. కొడుకును కొడతాడేమోనని పెద్దులు ఒకడుగు ముందుకు వేశాడు. కానీ ఆయన కొట్టలేదు. వయసు ఒక్కసారిగా మీద పడ్డట్టు పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నాకు చెప్తే ఏమయితుండెరా," అన్నాడు. ఆ గొంతులో లీడర్ లేడు.

పద్మలత యుగేందర్‌ను అడిగింది. "నీ మీద తప్పుడు నింద వేసిండు. కంప్లైంట్ ఇస్తవా? ఇప్పుడే రాస్త."

యుగేందర్ శ్రావణ్ వైపు చూశాడు.

"వద్దు మేడం. కేసంటే ఎంత భయమయితదో ఇప్పుడే చూసిన. వానికి వద్దు. కానీ వాడు ఇగ నాతోని మాట్లాడొద్దు."

నారాయణ లేచాడు. "బిడ్డా, తప్పయింది. అసలు నల్లగద్ద నేను కొనిస్త. ఎంతయినా సరే."

"వద్దు సార్. అరువు కార్డని వారం రోజులు నిద్ర పోలే. మా ఇంట్ల పిల్లి దగ్గరికొస్తే కూడా తరిమిన. ఇగ నా దగ్గరున్నయే ఆడుత."

నవీన్ ఒప్పుకున్నాడు. నల్లగద్ద స్థానంలో యుగేందర్ ఒక మామూలు కార్డు పెట్టాడు. ఎవరో పారేస్తే తెచ్చుకున్నది.

ఫైనల్ మొదలైంది. పెద్దులు గడియారం చూపించినా పద్మలత కదల్లేదు. ఆట ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా యుగేందర్ కార్డు తీసినప్పుడల్లా ముందుకు వంగి చూసింది. మొదటి ఆట అతనిది. రెండోది అక్షయది. మూడో ఆట గంట దాకా సాగింది. చివరికి అక్షయ గెలిచింది.

యుగేందర్ నవ్వుతూ ఆ పిల్లకు చేయి కలిపాడు. కార్డులు కట్ట కట్టి సంచిలో పెట్టుకున్నాడు. మెట్ల దగ్గర పద్మలత ఎదురైంది.

"మేడం, నా పేరు ఎక్కడన్న రాసిండ్రా?"

"రాయలే."

"స్టేషన్‌ల గూడ?"

"ఎక్కడా రాయలే. పోయి నౌకరి చేసుకో."

ఫైనల్ ఓడినప్పుడు నవ్విన మనిషి ఆ మెట్ల మీదే కూర్చుని, సంచిలో ముఖం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. పద్మలత పెద్దులును జీపు దగ్గరికి పొమ్మని సైగ చేసి, అతని పక్కనే నిలబడింది.